పనికి పెద్ద, మాటకు చిన్న: ఉత్తరాంధ్ర సాహిత్యంలో పెంపకం, పిల్లల స్వతంత్రత

వ్యాససంగ్రహం:

భారతీయకుటుంబంలో పెరిగే పిల్లలకు స్వతంత్రత తక్కువ అనే అభిప్రాయం సామాన్యవ్యవహారంలోను, సాహిత్యవిమర్శలోను కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని ఉత్తరాంధ్ర రచనల ఆధారంగా పరీక్షిస్తుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’, చాగంటి సోమయాజులు (చాసో) ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’, ‘కుంకుడాకు’, కాళీపట్నం రామారావు (కారా) ‘ఆర్తి’, ‘యజ్ఞం’ ఇందులో ప్రధాన పరిశీలనాంశాలు. ఈ రచనల్లోని కుటుంబాలు పిల్లలకు పనిచేసే సామర్థ్యాన్ని చాలా ముందుగా అప్పగిస్తాయి. నిర్ణయించే అధికారాన్ని చాలా ఆలస్యంగా ఇస్తాయి, లేదా ఇవ్వనే ఇవ్వవు. ఈ రెంటి మధ్య ఉన్న వ్యవధిలోనే ఈ రచనల్లోని ప్రధానసంఘర్షణలు పుడుతున్నాయని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఉత్తరాంధ్ర సాహిత్యం, పెంపకం, స్వతంత్రత, బాల్యం, మేనరికం, గురజాడ, చాసో, కారా.

1. ప్రవేశిక:

పిల్లల స్వతంత్రతను గురించి మాట్లాడేటప్పుడు మనకు ఒక విభజన ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పాశ్చాత్యసమాజం వ్యక్తిప్రధానమైనది, మన సమాజం కుటుంబప్రధానమైనది అన్నదే ఆ విభజన. ఉపన్యాసానికి పనికివచ్చినంతగా ఇది పఠనానికి పనికిరాదు. కుటుంబప్రధానసమాజంలో పెరిగిన పిల్లలందరూ ఒకేవిధంగా పెరగరు. వారు పుట్టిన కులం, ఇంటి ఆస్తి, ఆడ-మగ తేడా, వరుసలో పెద్దా చిన్నా అన్న స్థితి, పెంచినవారు తల్లిదండ్రులా అమ్మమ్మా మేనమామా అన్న విషయం, వీటన్నిటిని బట్టి వారికి దక్కే స్వతంత్రత మారుతుంది. ఈ తేడాలను పట్టుకోవాలంటే సాధారణీకరణల కంటే కథలు ఎక్కువగా ఉపకరిస్తాయి.

ఈ పరిశీలనకు ఉత్తరాంధ్రను ఎన్నుకోవడానికి కారణం ఉంది. రాజాం పట్టణం చిరకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన జిల్లాల పునర్విభజనతో విజయనగరం జిల్లాలో చేరింది. సాహిత్యపరంగా చూస్తే అది మొదటినుంచీ ఈ రెండు ప్రాంతాల నడుమనే ఉంది. ఒకవైపు గురజాడ, చాసోలు జీవించిన విజయనగరం. మరొకవైపు కారా జీవించి, 1997లో కథానిలయాన్ని స్థాపించిన శ్రీకాకుళం. ఈ ముగ్గురి రచనల్లోను బాలపాత్రలు, యువపాత్రలు కథను నడిపించే స్థానాల్లో ఉన్నాయి. అగ్రహారం, పట్టణపు దిగువ మధ్యతరగతి ఇల్లు, వ్యవసాయకూలీల వాడ అనే మూడు భిన్నసామాజికస్థలాలు ఈ రచనల ద్వారా మన ముందుకు వస్తాయి. కాబట్టి ఒకే భౌగోళికప్రాంతంలో పెంపకం ఎన్ని రకాలుగా స్వతంత్రతను మలుస్తుందో పోల్చిచూసే అవకాశం కలుగుతుంది.

2. తెలుగు వ్యవహారంలో స్వతంత్రత:

ఒక సమాజం దేనిని స్వతంత్రతగా గుర్తిస్తుందో ఆ సమాజపు నుడికారమే మొదట చెబుతుంది. తెలుగులో ‘స్వతంత్రించు’ అన్న క్రియకు చొరవతీసుకోవడం అనే అర్థంతోపాటు, అనుమతి లేకుండా హద్దు దాటడం అనే నింద కూడా ధ్వనిస్తుంది. ‘వాడు స్వతంత్రించి మాట్లాడాడు’ అంటే మెచ్చుకోలు అని ఎవరూ భావించరు. ‘స్వాతంత్ర్యం’ దేశానికి వస్తే పండుగ. ఇంట్లో పిల్లవాడికి వస్తే పెద్దలకు ఆందోళన.

ఎదిగిన పిల్లల గురించి చెప్పే మాటల్లో మూడు శరీరావయవాలు తరచుగా వస్తాయి. సంపాదించే కొడుకును ‘చేతికి అందివచ్చిన కొడుకు’ అంటారు. ఇక్కడ చేయి కొడుకుది కాదు, తల్లిదండ్రులది. పిల్లవాడి సామర్థ్యాన్ని పెద్దల అవసరం దృష్ట్యా కొలిచే మాట ఇది. ‘తన కాళ్ళమీద తాను నిలబడ్డాడు’ అన్నప్పుడు మాత్రం కాళ్ళు అతడివే. జీవనాధారం విషయంలో ఇతరులపై ఆధారపడని స్థితిని ఇది చెబుతుంది. మూడవది నోరు. ‘నోట్లో నాలుక లేని పిల్ల’ అనేది పొగడ్త. ‘పెద్దల ముందు నోరెత్తాడు’ అనేది అభియోగం. తన గురించి తాను మాట్లాడే హక్కు ఈ మూడవ వర్గానికి చెందుతుంది.

ఈ వ్యాసంలో ఈ మూడింటిని మూడు విశ్లేషణాంశాలుగా స్వీకరిస్తున్నాను. చేతికి అందడం అంటే కుటుంబానికి పనికివచ్చే సామర్థ్యం. కాళ్ళమీద నిలబడడం అంటే సొంత జీవనాధారం. నోరెత్తడం అంటే తన బతుకు గురించిన నిర్ణయంలో భాగం. మొదటిది ఉన్నంతమాత్రాన రెండవది, రెండవది ఉన్నంతమాత్రాన మూడవది సిద్ధించవు. విమర్శలో ఈ మూడూ ‘స్వేచ్ఛ’ అన్న ఒకే మాట కింద కలిసిపోవడం వల్ల అనేక పాత్రల అసలు స్థితి మరుగున పడింది.

3. సిద్ధాంతనేపథ్యం:

పెంపకాన్ని శాస్త్రీయంగా వర్గీకరించినవారిలో అమెరికన్ మనస్తత్త్వవేత్త డయానా బామ్రిండ్ ప్రముఖురాలు. 1960వ దశకంలో ఆమె తల్లిదండ్రుల ధోరణులను నిరంకుశం, సడలింపు, ఆదరణతో కూడిన అదుపు అని మూడుగా విభజించారు. ఆమె పరిశీలించింది అమెరికన్ కుటుంబాలను. ఆ వర్గీకరణను ఇతర సమాజాలకు యథాతథంగా వర్తింపజేయడం పట్ల తరువాతి పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. రూత్ చావో 1994లో చైనీయకుటుంబాల గురించి రాస్తూ, బయటినుంచి చూసేవారికి నిరంకుశంగా కనిపించే అదుపు లోపలివారికి శిక్షణగా, శ్రద్ధగా అనుభవంలోకి రావచ్చని వాదించారు.

ఈ వ్యాసానికి ఎక్కువ ఉపకరించేది తుర్కియే మనస్తత్త్వవేత్త చిదెమ్ కాయిత్చిబాషి ప్రతిపాదన. 1996 నాటి గ్రంథంలోను, 2005 నాటి వ్యాసంలోను ఆమె రెండు వేర్వేరు ప్రమాణాలను విడదీసి చూపారు. ఒకటి, మనిషి తన నిర్ణయాలను తాను చేయగలగడం. రెండు, మనిషి ఇతరులకు ఎంత దగ్గరగా ఉన్నాడన్నది. ఆత్మీయులకు దగ్గరగా ఉంటూనే స్వయంనిర్ణయం కలిగి ఉండడం సాధ్యమేనని ఆమె సిద్ధాంతం. ఆర్థికంగా పిల్లలపై ఆధారపడే అవసరం తగ్గినప్పుడు కుటుంబబంధం తెగిపోనక్కరలేదని, భౌతికమైన పరస్పరాధారం తగ్గినా మానసికమైన అనుబంధం నిలుస్తుందని ఆమె వివరించారు.

దక్షిణభారత బంధుత్వవ్యవస్థకు సంబంధించిన ఒక విశేషాన్ని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఇరావతీ కార్వే 1953లో ప్రచురించిన బంధుత్వ అధ్యయనంలో ఉత్తర, దక్షిణ భారతాల మధ్య ఉన్న భేదాన్ని స్పష్టంగా చూపారు. దక్షిణాదిలో మేనరికాల వల్ల అత్తవారిల్లు అమ్మాయికి పూర్తిగా పరాయిది కాదు. మేనమామ, మేనత్త, బావ, మరదలు అన్న వరుసలు పుట్టుకనుంచే ఆమె చుట్టూ ఉంటాయి. అందువల్ల తెలుగింట పిల్లల పెంపకంలో తల్లిదండ్రులతోపాటు మేనమామకు, అమ్మమ్మకు ప్రత్యేకమైన పాత్ర ఉంది. ఈ ఆత్మీయుల ఉనికి పిల్లల స్వతంత్రతను పెంచుతుందా, తగ్గిస్తుందా అన్నది ‘కన్యాశుల్కం’ లేవనెత్తే ప్రశ్నల్లో ఒకటి.

4. కన్యాశుల్కం: ఆత్మీయుల రక్షణ, అడగని అభిప్రాయం:

1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో ముద్రితమై, 1909లో విస్తృతరూపం పొందిన ‘కన్యాశుల్కం’ సాంఘికసంస్కరణ నాటకంగా సుప్రసిద్ధం. తొలి ముద్రణకు రాసిన ఆంగ్లపీఠికలో గురజాడ ఆనాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కవివాహాల లెక్కను ప్రస్తావించారు. నమోదైన 1034 పెళ్ళిళ్ళలో 99 మంది వధువులు అయిదేళ్ళవారు, 44 మంది నాలుగేళ్ళవారు, 36 మంది మూడేళ్ళవారు, ఆరుగురు రెండేళ్ళవారు, ముగ్గురు ఏడాది వయసువారు. ఈ అంకెలను సాధారణంగా దురాచారతీవ్రతకు సాక్ష్యంగా ఉదాహరిస్తారు. పెంపకం దృష్టితో చూస్తే వీటికి మరొక అర్థం ఉంది. మాట రాకముందే ఒక మనిషి జీవితాన్ని గురించిన అతిపెద్ద నిర్ణయం పూర్తయిపోయింది. ఆమె పెరగడం మొదలయ్యేసరికి నిర్ణయించడానికి మిగిలిందేమీ లేదు.

అగ్నిహోత్రావధానుల ఇంట్లో ముగ్గురు పిల్లలు మూడు విధాలుగా పెరుగుతున్నారు. కొడుకు వెంకటేశం చదువుకు పట్నం వెళ్ళాడు. ఇంగ్లీషు చదువు రేపటి సంపాదనకు మదుపు అన్నది ఆ ఇంటి ఆశ. అందుకే అతడి చేతకానితనాన్ని, గిరీశం సాంగత్యాన్ని, చుట్టలు కాల్చడాన్ని ఇల్లు పసిగట్టదు, లేదా పట్టించుకోదు. అతడికి పని చెప్పేవారు లేరు. బాధ్యత అప్పగించేవారు లేరు. పెద్ద కూతురు బుచ్చమ్మ బాల్యంలోనే పెళ్ళై వితంతువై ఇంటిచాకిరీ అంతా మోస్తోంది. చిన్న కూతురు సుబ్బి పేరు చుట్టూ నాటకమంతా తిరుగుతుంది. అయినా ఆ పిల్ల అభిప్రాయాన్ని అడిగే సన్నివేశం నాటకంలో లేదు. ముసలి లుబ్ధావధాన్లుకిచ్చి పెళ్ళి చేయాలన్న తండ్రి, ప్రాణత్యాగానికైనా తెగించి దానిని అడ్డుకోవాలన్న తల్లి, ఎత్తు వేసి తప్పించాలన్న మేనమామ, ముగ్గురూ సుబ్బి గురించే పోరాడుతున్నారు. సుబ్బితో మాత్రం ఎవరూ మాట్లాడరు.

మేనమామ కరటకశాస్త్రి పాత్ర ఇక్కడ కీలకమైనది. తోబుట్టువు బిడ్డ క్షేమం కోరడం అతడి వరుసకు సహజధర్మం. అయితే తండ్రి నిర్ణయాన్ని ఎదిరించి మార్చే అధికారం ఆ వరుసకు లేదు. అందుకే అతడు వాదించి గెలవలేక వేషాన్ని ఆశ్రయిస్తాడు. శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్ళి చేయడమే అతడి ఉపాయం. ఈ ఉపాయానికి ఒప్పించడానికి శిష్యుడికి ఇచ్చిన వాగ్దానం ఏమిటో గమనించాలి. తన సొంత కూతురినిచ్చి పెళ్ళి చేస్తానంటాడు. ఒక ఆడపిల్లను ఆమెతో నిమిత్తం లేని పెళ్ళినుంచి తప్పించడానికి మరొక ఆడపిల్లను ఆమెతో నిమిత్తం లేకుండా వాగ్దానం చేయడం ఇది. గురజాడ దీనిని హాస్యంలో కలిపేశాడు. దుర్మార్గుడైన పెద్దకు, మంచివాడైన పెద్దకు మధ్య ఎంత భేదమున్నా, పిల్ల అభిప్రాయం అవసరంలేదన్న విషయంలో ఇద్దరి పెంపకం ఒకటే అన్న సత్యం ఆ హాస్యం కింద ఉంది.

బుచ్చమ్మ ఇల్లు దాటిన ఘట్టాన్ని కూడా ఈ కోణంలో పునఃపరిశీలించాలి. గిరీశం మాటలకు మోసపోయిన అమాయకురాలిగా ఆమెను చూడడం పరిపాటి. ఆమెను ఒప్పించిన వాదంలో తన సుఖం ఒక్కటే లేదు. తాను వెళ్ళిపోతే చెల్లెలి పెళ్ళి ఆగుతుందన్న ఆశ కూడా ఉంది. జీవితంలో మొదటిసారి స్వయంగా తీసుకున్న నిర్ణయానికి చెల్లెలి క్షేమం కారణం కావడం యాదృచ్ఛికం కాదు. ఇతరుల కోసం బతకడమే నేర్చిన పిల్లకు, తన కోసం తీసుకునే నిర్ణయం కూడా ఇతరుల పేరు మీదనే సాధ్యమవుతుంది. గిరీశం ఆ పెంపకాన్ని చదివి వాడుకున్నాడు. చివరకు ఆమెను పూనాలోని వితంతుశరణాలయానికి పంపే నిర్ణయం కూడా సౌజన్యారావు పంతులుదే. ఆ నిర్ణయం ఆమెకు మేలే చేయవచ్చు. అయినా తండ్రి చేతినుంచి గిరీశం చేతికి, అక్కడినుంచి సంస్కర్త చేతికి ఆమె మారిందన్నది కాదనలేం.

5. చాసో: డబ్బు అప్పగించిన చేతులు:

శ్రీకాకుళంలో జన్మించి, దత్తత వెళ్ళి విజయనగరంలో పెరిగిన చాసో (1915-1994) కథల్లో పిల్లలు అరుదైన గౌరవంతో చిత్రితులయ్యారు. ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’ కథను దారిద్ర్యం వల్ల చదువు ఆగిన బాలుడి దీనగాథగా చదవడం అలవాటైంది. అది నిజమే. అంతకుమించిన విషయం కూడా ఆ కథలో ఉంది.

కృష్ణుడి చదువు మాన్పించిన తండ్రి చుట్టలు కొనుక్కురమ్మని డబ్బిచ్చి పంపుతాడు. దారిలో బడి ఉంది. బడికి పోయే స్నేహితులున్నారు. సిగ్గు, కోరిక కలిసి ఆ పిల్లవాడిని బడి దగ్గర కూర్చోబెడతాయి. వెతుక్కుంటూ వచ్చిన తండ్రికి అతడు ఎదురు తిరగడు, పారిపోడు; బడికి వెళ్ళాలన్న తన కోరికను మాత్రం వదలడు. తండ్రి మెత్తబడి మాట ఇస్తాడు. ఆ తరువాతనే డబ్బు ఏమైందన్న ప్రశ్న, దానికి జవాబుగా కథాశీర్షిక అయిన మాట వస్తాయి.

ఈ ముగింపులో ఒక సున్నితమైన నిర్మాణం ఉంది. తండ్రి దృష్టిలో చెప్పిన పని చేయకుండా కూర్చున్న పిల్లవాడు బాధ్యత తప్పినవాడు. కాబట్టి డబ్బు పోగొట్టాడేమోనన్న అనుమానం సహజం. పిల్లవాడి జవాబు ఆ అనుమానాన్ని ఖండిస్తుంది. చెప్పిన పని చేయకపోవడం వేరు, అప్పగించిన నమ్మకాన్ని పాడుచేయడం వేరు అని అతడు తన ప్రవర్తనతో విడదీసి చూపాడు. తన కోరిక కోసం తండ్రి ముందు మొండికేసిన ఆ వేళలోనే ఇంటి డబ్బును పదిలంగా దాచాడు. కాయిత్చిబాషి ప్రతిపాదించిన, అనుబంధంతో కూడిన స్వయంనిర్ణయానికి తెలుగుకథలో ఇంతకంటె సూక్ష్మమైన ఉదాహరణ అరుదు. ఆ సిద్ధాంతానికి దశాబ్దాల ముందే చాసో దానిని ఒక పిల్లవాడి పిడికిలిలో పెట్టి చూపాడు.

ఇదే కథ పెంపకంలోని ఒక అసమానతను కూడా బయటపెడుతుంది. కొనుగోలుకు డబ్బిచ్చి ఒంటరిగా పంపేటంత నమ్మకం తండ్రికి కొడుకు మీద ఉంది. ఆ కొడుకు చదువు ఆపేటప్పుడు అతడు ఏమనుకుంటాడో వినేటంత అవకాశం మాత్రం ఇల్లు ఇవ్వలేదు. పనికి పెద్దవాడైనవాడు మాటకు చిన్నవాడుగానే ఉన్నాడు. తండ్రిని దోషిగా నిలబెట్టి ఈ విషయాన్ని ముగించలేం. ఆ మాట వింటే తాను చేయగలిగిందేమీ లేదన్న భయమే అతడిని వినకుండా చేసింది. పేదరికం పిల్లల నోరు నొక్కే పద్ధతుల్లో ఇది ఒకటి: పెద్దలకు వినే ధైర్యం లేకుండా చేయడం.

‘కుంకుడాకు’లోని గవరమ్మ మరొక కొస. ఆమె ఈడు పిల్ల ఒకతె బడికి వెళుతుంటే గవరమ్మ గంప పట్టుకుని ఆకు ఏరుకోవడానికి పోతుంది. పైకి చూస్తే గవరమ్మకే స్వేచ్ఛ ఎక్కువ. ఎవరి తోడూ లేకుండా తోటల వెంట, పొలాల వెంట తిరుగుతుంది. ఏ చెట్టు కింద ఏం దొరుకుతుందో తెలుసు. ఇంటి పొయ్యికి కావలసినదాన్ని తానే సమకూరుస్తుంది. ఎదిగిన మనిషికి ఉండవలసిన నైపుణ్యమంతా ఆ వయసులోనే ఆమెకు ఉంది. కాని కామందు దొంగతనం మోపి చేయిచేసుకున్నప్పుడు ఆ నైపుణ్యం ఆమెను కాపాడలేదు. అగ్రహారపు పిల్లకు రక్షణ పేరిట కదలిక లేదు. కూలివాడ పిల్లకు కదలిక ఉంది, రక్షణ లేదు. కులాన్ని, వర్గాన్ని పక్కనపెట్టి ‘భారతీయకుటుంబం పిల్లలను కట్టడి చేస్తుంది’ అని తీర్మానిస్తే గవరమ్మ ఆ వాక్యంలో ఎక్కడా ఇమడదు.

6. కారా: అనుబంధం మీద అవసరపు బరువు:

కారా (1924-2021) ‘ఆర్తి’ కథలో సన్ని, పైడయ్య అన్న యువదంపతుల కాపురం ఇద్దరు తల్లుల చేతుల్లో నలుగుతుంది. కోడలు తన ఇంట ఉండాలని ఒక తల్లి, కూతురు కూలి తన ఇంటికి ఆసరా కావాలని మరొక తల్లి తగవులాడుకుంటారు. వియ్యపురాళ్ళ కలహంగా మొదలై, ఆ కలహానికి మూలమైన లేమిని పొరపొరగా విప్పడం కారా శిల్పం.

ఈ కథలో యువతీయువకులిద్దరూ సంపాదించగలవారే. చేతికి అందివచ్చినవారే. అందిరావడమే వారి చిక్కు. ఒక యువతి రెక్కల కష్టం రెండు ఇళ్ళకు అవసరమైనప్పుడు, ఆమె ఎక్కడ ఉండాలన్నది ఆమె ఇష్టానికి సంబంధించిన ప్రశ్నగా మిగలదు. స్వయంగా సంపాదించడమే స్త్రీ స్వేచ్ఛకు దారి అన్న వాదం మధ్యతరగతి అనుభవం నుంచి వచ్చినది. సంపాదన ఆమె చేతిలో నిలిచే ఇంట్లోనే ఆ వాదం నిజమవుతుంది. కూలివాడలో ఆడపిల్ల బాల్యం నుంచే సంపాదిస్తోంది; ఆ సంపాదన ఏ పూటకాపూట ఇంటి పొయ్యిలోకి పోతోంది. ‘ఆర్తి’లోని తల్లులు క్రూరులు కారు. ప్రేమ ఉంది, దాన్ని నిలుపుకోవడానికి తగిన తిండి లేదు.

ఈ పరిస్థితి పరాకాష్ఠకు చేరిన కథ ‘యజ్ఞం’. 1964లో రాసి 1966లో ప్రచురితమైన ఈ కథ మీద వచ్చినంత చర్చ తెలుగులో బహుకొద్ది కథల మీద వచ్చింది. గ్రామాభివృద్ధి బూటకత్వం, రుణం, ధర్మం పేరిట జరిగే దోపిడీ అన్న అంశాల మీద ఆ చర్చ కేంద్రీకృతమైంది. పెంపకం దృష్టితో చూసినప్పుడు కనిపించేది తండ్రికొడుకుల మధ్య ఉన్న తేడా. అప్పల్రాముడు మాటకు కట్టుబడే మనిషిగా పెరిగాడు. పెద్దల తీర్పుకు తలవంచడం అతడికి ధర్మం. కొడుకు సీతారాముడు ఆ పెద్దల ఎదుటనే నోరెత్తాడు. రుణం న్యాయమైనది కాదని వాదించాడు. తండ్రి చివరకు ఒప్పుకోవడంతో ఆ వాదం ఓడిపోయింది. ఆ అప్పు తన తరువాతి తరానికి బానిసత్వంగా సంక్రమించకూడదని అతడు తన పసిబిడ్డనే చంపాడు.

ఈ ముగింపును తిరుగుబాటుగా కీర్తించినవారున్నారు, అసహజమని ఆక్షేపించినవారున్నారు. ఈ రెండు వైపులా ఒక అంశం తక్కువగా చర్చకు వచ్చింది. నోరెత్తినా వినబడని కొడుకు, తండ్రిగా మారిన మరుక్షణం చేసిన పని కూడా బిడ్డ బతుకును బిడ్డ తరఫున నిర్ణయించడమే. బానిసగా బతకడం కంటే బతకకపోవడం మేలన్న తీర్పు ఆ పసివాడిది కాదు. పెద్దల నిర్ణయం కింద నలిగినవాడు తన చేతికి అధికారం వచ్చినప్పుడు మరొకరి నిర్ణయాన్ని తానే తీసుకోవడం ఈ వ్యవస్థ తనను తాను కొనసాగించుకునే మార్గం. ‘యజ్ఞం’లోని విషాదం రెండు వైపుల పదును గలది. దోపిడీని ఎంత గట్టిగా ఖండించినా, ఆ బిడ్డను ఒక ప్రతీకగా మాత్రమే చూసే విమర్శ కథలోని పెద్దలు చేసినదే మళ్ళీ చేస్తుంది.

7. ఒక పోలిక: బోన్సాయ్:

ఉత్తరాంధ్ర పరిధి దాటి ఒక కథతో పోల్చితే ఈ పరిశీలన స్పష్టమవుతుంది. రాజమండ్రిలో జన్మించిన అబ్బూరి ఛాయాదేవి (1933-2019) ‘బోన్సాయ్ బ్రతుకు’ కథలో చదువు ఆగిపోయిన అక్క, చదివి ఉద్యోగం చేస్తున్న చెల్లెలి ఇంటికి వస్తుంది. కుండీలో ముచ్చటగా పెంచిన మరుగుజ్జు చెట్టును, గాలివానలో మనుషులకు నీడనిచ్చే వీధి తురాయి చెట్టును పోల్చి, ఆడపిల్లలను పెంచే తీరును వ్యాఖ్యానిస్తుంది. కత్తిరించి, కాపాడి, బయటి గాలి సోకనీయకుండా పెంచడం వల్ల కలిగే నష్టాన్ని ఇంత తేలికగా అర్థమయ్యే ప్రతీకతో చెప్పిన కథ మరొకటి లేదు.

అయితే ఆ ప్రతీకకు ఒక సామాజికపరిమితి ఉంది. కుండీ ఉన్న ఇంటి పిల్లకే అది వర్తిస్తుంది. గవరమ్మ, సన్ని కుండీలో పెరగలేదు; వీధిలోనే, ఎండలోనే పెరిగారు. ఆ కారణంగా వారు తురాయి చెట్లు కాలేదు. బయట పెరగడం స్వేచ్ఛకు చాలదని చాసో, కారాల కథలు ఛాయాదేవి కథకు జోడించే సవరణ. రెంటినీ ఒకేచోట బోధించినప్పుడే విద్యార్థికి పూర్తి చిత్రం దొరుకుతుంది.

8. నేటి రాజాం పరిసరాలు:

ఈ రచనల కాలానికి, నేటికి మధ్య చట్టం చాలా దూరం నడిచింది. బాల్యవివాహాలను నిరోధిస్తూ 1929లో శారదాచట్టం, దాని స్థానంలో 2006లో మరింత పటిష్ఠమైన చట్టం వచ్చాయి. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత నిర్బంధవిద్యను హక్కుగా చేసిన 2009 చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. కృష్ణుడికి, గవరమ్మకు నేడు బడి చట్టబద్ధమైన హక్కు. అదే సమయంలో 2016లో సవరించిన బాలకార్మికచట్టం, ప్రమాదకరం కాని కుటుంబవృత్తుల్లో బడివేళల తరువాత, సెలవుల్లో పిల్లలు సాయపడడాన్ని అనుమతించింది. ఇంటిపనికి, శ్రమకు మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న చట్టంలో కూడా తెగలేదని దీనివల్ల తెలుస్తుంది.

ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఉపాధి కోసం విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు జరిగే వలస అందరికీ తెలిసినదే. తల్లిదండ్రులు వలసలో ఉంటే పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర, మేనమామ ఇంట పెరుగుతారు. రాజాం వంటి పట్టణాల్లోని కళాశాలల తరగతిగదుల్లో ఇటువంటి పెంపకం పొందినవారు ఉంటారు. వారిలో చాలామంది రేషను సరుకులు తేవడం, బ్యాంకుపని చూడడం, ముసలివారిని ఆసుపత్రికి తీసుకుపోవడం, తమ్ముళ్ళ చదువు పర్యవేక్షించడం బడివయసులోనే నేర్చినవారు. ఏ కోర్సు చదవాలి, ఏ ఊరికి వెళ్ళి చదవాలి, పెళ్ళి ఎప్పుడు అన్న విషయాల్లో నిర్ణయం మాత్రం ఫోనులో తల్లిదండ్రుల నుంచి, ఇంట్లో మేనమామ నుంచి వస్తుంది. వారికి స్వతంత్రత ఉన్నదా అని అడిగితే ‘ఉంది’, ‘లేదు’ అన్న రెండు జవాబులూ తప్పే. పనికి ఉంది, మాటకు లేదు.

పిల్లల్లో స్వతంత్రభావాలు పెంచాలని బోధించే వ్యక్తిత్వవికాస పుస్తకాలు ఈ యువతకు అన్వయించకపోవడానికి కారణం ఇదే. తమ పనులు తాము చేసుకోవడం నేర్పాలని అవి చెబుతాయి. ఈ పిల్లలకు అది ఎన్నడో వచ్చు. వారికి కావలసినది, వారు ఇప్పటికే మోస్తున్న బాధ్యతకు తగిన పాలు నిర్ణయంలో దక్కడం. ఇంటిని వదిలిపెట్టమని ఈ వాదం చెప్పడం లేదు. కృష్ణుడు తండ్రి చేయి పట్టుకునే ఇంటికి వెళ్ళగల పిల్లవాడు. ఆ చేయి పట్టుకునే ముందు తన మాట వినబడాలన్నదే అతడి కోరిక.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ఉత్తరాంధ్ర రచనల్లో చిత్రితమైన పెంపకం పిల్లల సామర్థ్యాన్ని అణచదు. దానిని త్వరగా రాబట్టుకుంటుంది. నిర్ణయాధికారం మాత్రం వయసుతోగాని, సంపాదనతోగాని తానై రాదు.

• అగ్రహారపు పిల్లకు రక్షణ ఉండి కదలిక లేకపోవడం, కూలివాడ పిల్లకు కదలిక ఉండి రక్షణ లేకపోవడం ఒకే వ్యవస్థకు రెండు ముఖాలు. కులవర్గాలను విడిచిపెట్టి ‘భారతీయపెంపకం’ అని ఏకవచనంలో మాట్లాడడం సాహిత్యం చూపిన వాస్తవానికి విరుద్ధం.

• మేనమామ వంటి ఆత్మీయుల అండ పిల్లలకు ఆసరా అవుతుంది. ఆ అండ పిల్లల అభిప్రాయానికి ప్రత్యామ్నాయం కాదని కరటకశాస్త్రి పాత్ర నిరూపిస్తుంది.

• అనుబంధానికి, స్వయంనిర్ణయానికి వైరం అనివార్యం కాదు. ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’ ఈ సామరస్యాన్ని, ‘యజ్ఞం’ దాని సంపూర్ణవైఫల్యాన్ని చూపే రెండు కొసలు. ఆ రెంటి మధ్య తేడాను నిర్ణయించినది పిల్లవాడి మాట పెద్దల చెవికి చేరిందా లేదా అన్నదే.

• తెలుగు సాహిత్యవిమర్శ బాలపాత్రలను దారిద్ర్యానికి, దురాచారానికి, దోపిడీకి ప్రతీకలుగా చదవడంతో ఆగకూడదు. వారికి ఏ పని అప్పగించారు, ఏ విషయం అడిగారు, ఏ విషయం అడగలేదు అన్న ప్రశ్నలతో చదివినప్పుడు ఈ సుప్రసిద్ధరచనల్లోనే ఇంకా వెలికిరాని అర్థాలు బయటపడతాయి. ఉత్తరాంధ్రలోని తరువాతి తరాల కథకుల రచనలకు, ముఖ్యంగా వలస నేపథ్యంగా వచ్చిన కథలకు ఈ పద్ధతిని విస్తరింపజేయవలసి ఉంది.